కంపెనీ నుంచి మీ డేటా లీకైందా? మొదటి రోజు నుంచి నష్టపరిహారం కేసు దాకా ఏం చేయాలి

"మీ వివరాలు బయటికి పోయి ఉండొచ్చు అని కంపెనీ మెయిల్ పెట్టింది, ఇప్పుడు ఏం చేయాలి, డబ్బులేమైనా వస్తాయా?" ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. మన దేశంలో డేటా లీకైందన్న ఒక్క కారణానికి ఎవరూ మీ ఖాతాలో డబ్బు వేయరు. లీక్ వల్ల మీకు ఏ నష్టం జరిగిందో, అందులో కంపెనీ నిర్లక్ష్యం ఎంతుందో చూపిస్తేనే పరిహారం. ఆ చూపించాల్సిన కాగితాలన్నీ మొదటి వారంలోనే చేతికి దొరుకుతాయి, తర్వాత వెతికితే దొరకవు. అందుకే జాగ్రత్తలు, కేసు రెండూ మొదటి రోజు నుంచే కలిపి నడపాలి.

మా మేనమామ విషయంలో ఇదే జరిగింది. ఆయన హెల్త్ పాలసీ వివరాలు లీకైన కొద్ది రోజులకే ఒకడు ఫోన్ చేసి, పాలసీ నంబరు, ఆపరేషన్ తేదీతో సహా చెప్పి, క్లెయిమ్ బాకీ ఇస్తామని నమ్మించి 38 వేలు లాగేశాడు. కంపెనీ పంపిన ఎస్సెమ్మెస్ ఆయన డిలీట్ చేసేశారు, కాల్ వచ్చిన ఫోన్‌ని నెల తిరక్కుండా ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశారు. వాడికి వివరాలు ఎక్కడి నుంచి వచ్చాయో మాకు తెలుసు, చూపించడానికి మాత్రం చేతిలో ఒక్క ముక్క లేదు. మీకు అలా కాకూడదు.

1. వచ్చిన మెసేజ్ నిజమో కాదో ముందు తేల్చుకోండి

పెద్ద లీక్ వార్త రాగానే దాని పేరు చెప్పుకుని దొంగ మెసేజ్‌లు మొదలవుతాయి. "మీ డేటా లీకైంది, ఇక్కడ నొక్కి పాస్‌వర్డ్ మార్చుకోండి" అని వస్తుంది. ఆ లింకే అసలు ఉచ్చు.

- మెసేజ్‌లో ఉన్న లింకు నొక్కకండి, అందులో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేయకండి.
- కంపెనీ యాప్ గానీ సైట్ గానీ మీరే విడిగా తెరిచి అక్కడ ప్రకటన ఉందేమో చూడండి.
- మీ పాలసీ కాగితం మీదో కార్డు వెనకాలో ఉన్న కస్టమర్ కేర్ నంబరుకే ఫోన్ చేయండి. గూగుల్‌లో వెతికితే దొంగ నంబర్లు కూడా వస్తాయి.
- హ్యావ్ ఐ బీన్ పౌన్డ్ అనే ఉచిత సైట్‌లో మీ ఈమెయిల్ కొడితే ఇప్పటిదాకా తెలిసిన ఏయే లీకుల్లో అది ఉందో చెబుతుంది.

మెసేజ్ అసలుదైనా నకిలీదైనా డిలీట్ మాత్రం చేయకండి.

2. ఏమేం బయటికి పోయాయో కాగితం మీద రాయండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, కేసు నిలబడేదీ లేనిదీ చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. ఐటీ చట్టం కింద 2011లో వచ్చిన రూల్స్ కొన్ని వివరాలను మాత్రమే "సున్నితమైన వ్యక్తిగత సమాచారం" అన్నాయి: పాస్‌వర్డు, బ్యాంకు ఖాతా, కార్డు వివరాలు, ఆరోగ్య స్థితి, వైద్య రికార్డులు, లైంగిక ధోరణి, బయోమెట్రిక్. పేరు, ఫోన్ నంబరు, అడ్రసు, పాస్‌పోర్టు నంబరు ఆ జాబితాలో లేవు. అవి మాత్రమే పోతే ఆ చట్టం కింద పరిహారం అడగడం కష్టం.

రెండు ఉదాహరణలు చూడండి. 2021లో ఎయిరిండియా సుమారు 45 లక్షల మంది ప్రయాణికుల వివరాలు పోయాయని చెప్పింది. పేర్లు, పుట్టిన తేదీలు, పాస్‌పోర్టు సమాచారంతో పాటు క్రెడిట్ కార్డు డేటా కూడా ఉంది గానీ సీవీవీ నంబర్లు లేవంది. ఆ జాబితాలో చట్టానికి బలంగా ఆనేది కార్డు డేటా ఒక్కటే. 2024లో స్టార్ హెల్త్ కస్టమర్ల వివరాలు టెలిగ్రామ్ చాట్‌బాట్‌ల ద్వారా బయటికొచ్చినప్పుడు వాటిలో వైద్య పత్రాలు ఉన్నాయి, అవి సూటిగా సున్నితమైన సమాచారం కిందికే వస్తాయి. (ఆ కంపెనీ టెలిగ్రామ్ మీదా, హ్యాకర్ మీదా మద్రాసు హైకోర్టుకు వెళ్లింది.)

కాబట్టి కాగితం మీద మూడు గడులు గీయండి. ఏ వివరం పోయింది, ఎప్పుడు పోయిందని కంపెనీ చెప్పింది, దాంతో దొంగ ఏం చేయగలడు. మూడో గడి నింపుతుంటే తర్వాతి పని ఏమిటో మీకే తెలిసిపోతుంది.

3. మొదటి రోజు తాళాలు: ఈ వరుసలోనే

వరుస ఎందుకు ముఖ్యమంటే, బ్యాంకు పాస్‌వర్డు మార్చినా ఈమెయిల్ దొంగ చేతిలో ఉంటే వాడు మళ్లీ మార్చేస్తాడు.

మొదట ఈమెయిల్. కొత్త పాస్‌వర్డు పెట్టి, టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. వీలైతే ఎస్సెమ్మెస్ బదులు ఆథెంటికేటర్ యాప్ వాడండి. తర్వాత సెట్టింగ్స్‌లో మూడు చూడాలి: వేరే డివైసులు లాగిన్ అయి ఉన్నాయా, మీకు తెలియకుండా ఫార్వర్డింగ్ పెట్టారా, రికవరీ నంబరు మీదేనా. ఫార్వర్డింగ్ సంగతి చాలామంది మర్చిపోతారు, పాస్‌వర్డు మార్చాక కూడా మెయిళ్లు దొంగకు పోతూనే ఉంటాయి.

రెండోది సిమ్. సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో కనిపిస్తాయి, మీది కానిదుంటే అక్కడే రిపోర్టు చేయండి. ఫోన్‌కి ఉన్నట్టుండి సిగ్నల్ పోయి గంటైనా రాకపోతే టవర్ సమస్యలే అని ఊరుకోకండి, ఇంట్లో ఇంకో ఫోన్ నుంచి సిమ్ కంపెనీకి ఫోన్ చేసి డూప్లికేట్ సిమ్ ఎవరైనా తీసుకున్నారా అని అడగండి.

మూడోది బ్యాంకు, కార్డు, యూపీఐ. కార్డు నంబరు లీకైతే బ్లాక్ చేసి కొత్తది తీసుకోండి. లీక్ కాకపోయినా యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆపేయండి, ఆన్‌లైన్ లిమిట్ తగ్గించండి. యూపీఐ యాప్‌లో ఆటోపే మాండేట్లు తెరిచి, మీరు పెట్టనిది ఏదైనా ఉంటే రద్దు చేయండి.

నాలుగోది ఆధార్. వేలిముద్రతో డబ్బు తీసే ఏఈపీఎస్ పద్ధతిలో ఓటీపీ ఉండదు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్లు చేసి జనం ఖాతాల్లోంచి డబ్బు లాగిన ముఠాలు మన దగ్గరే పట్టుబడ్డాయి. అందుకే ఆధార్ అధికారిక యాప్‌లో గానీ మైఆధార్ సైట్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ పెట్టండి. అదే చోట ఆథెంటికేషన్ హిస్టరీ కూడా ఉంటుంది, గత ఆరు నెలల్లో మీ ఆధార్ ఎక్కడెక్కడ వాడారో అందులో కనిపిస్తుంది. ఒక జాగ్రత్త: లాక్ పెడితే రేషన్ షాపులోనూ పెన్షన్ దగ్గరా వేలిముద్ర పడదు. ఇంట్లో పెద్దవాళ్లకు లాక్ పెడితే, అవసరమైన రోజున తాత్కాలికంగా తీయడం కూడా నేర్పించండి, లేకపోతే ఒకటో తారీఖున వాళ్లు క్యూలో నిలబడి టెన్షన్ పడతారు.

ఐదోది అదే పాస్‌వర్డు వాడిన మిగతా సైట్లు. ఒక షాపింగ్ సైట్ పాస్‌వర్డు పోతే దొంగలు దాన్నే వంద సైట్లలో కొట్టి చూస్తారు.

4. ఫైల్ తెరవండి

ఒక కవరు, గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డరు, ఒక నోటుబుక్కు చాలు. నోటుబుక్కులో తేదీ, సమయం వేసి జరిగింది జరిగినట్టు రాస్తూ పోండి. ఆరు నెలల తర్వాత అధికారి ముందు కూర్చున్నప్పుడు మీ జ్ఞాపకం కన్నా ఆ నోటుబుక్కునే ఎక్కువ నమ్ముతారు.

ఫైల్లో ఉండాల్సినవి:

- కంపెనీ పంపిన మెయిల్ లేదా ఎస్సెమ్మెస్, స్క్రీన్‌షాట్‌తో పాటు అసలు మెయిల్ కూడా
- మీరు ఆ కంపెనీ కస్టమర్ అని చూపే రసీదు, పాలసీ, బిల్లు
- వార్త వచ్చిన పేపరు కటింగ్ లేదా పేజీ ప్రింటు
- అనుమానపు కాల్స్ జాబితా: నంబరు, సమయం, వాడు చెప్పిన మీ వివరాలు ఏవి
- బ్యాంకు స్టేట్‌మెంటు, ఫిర్యాదు నంబర్లు
- ఖర్చుల రసీదులు: కొత్త పాస్‌పోర్టు, ప్రయాణం, నోటరీ, సెలవు పెట్టిన రోజుల జీతం

నాలుగోది చాలా విలువైనది. ఫోన్ చేసినవాడు మీ పాలసీ నంబరు, ఆసుపత్రి పేరు చెప్పాడంటే ఆ రెండూ ఒకేచోట ఎక్కడ ఉన్నాయన్న ప్రశ్న వస్తుంది. లీక్‌కీ మీ నష్టానికీ ముడి అక్కడే పడుతుంది. ఆ ముడి తెంపడానికే కంపెనీ లాయరు ప్రయత్నిస్తాడు. "మీ నంబరు వందచోట్ల ఉంటుంది కదా, మా దగ్గరి నుంచే పోయిందని ఏంటి గ్యారంటీ" అంటాడు.

స్క్రీన్‌షాట్లు సాక్ష్యంగా చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) కింద సర్టిఫికెట్ జతచేయాలి (పాత 65బీ స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చింది). అందులో ఏ ఫోన్ నుంచి తీశారో రాయాలి కాబట్టి కేసు అయ్యేదాకా ఆ ఫోన్ అమ్మకండి, ఫ్యాక్టరీ రీసెట్ చేయకండి.

5. కంపెనీకి లెటర్ రాయండి

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అరిస్తే మిగిలేది ఏమీ ఉండదు, రాతలో అడగాలి. ప్రతి కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, వివరాలు తన సైట్‌లో పెట్టాలి, ఫిర్యాదును నెలలోపు పరిష్కరించాలి. ఇది 2011 రూల్స్‌లోనే ఉంది. సాధారణంగా ప్రైవసీ పాలసీ పేజీ అడుగున ఉంటుంది.

మెయిల్ చేసి, అదే లెటర్ స్పీడ్ పోస్టులోనూ పంపండి. ఇలా రాస్తే చాలు:

"నేను మీ కస్టమర్‌ని, కస్టమర్ నంబరు ఫలానా. ఫలానా తేదీన నా వివరాలు లీకైనట్టు మీ నుంచి సమాచారం వచ్చింది. కింది వాటికి రాతపూర్వకంగా జవాబివ్వండి. 1) నాకు సంబంధించి ఏయే వివరాలు బయటికి పోయాయి? 2) ఎప్పుడు జరిగింది, మీకు ఎప్పుడు తెలిసింది? 3) సెర్ట్ ఇన్‌కు ఎప్పుడు తెలియజేశారు? 4) ఆ సమయానికి మీరు ఏ భద్రతా ప్రమాణం పాటిస్తున్నారు, చివరి ఆడిట్ ఎప్పుడు జరిగింది? 5) నాకు జరిగిన నష్టం ఇంత, దాని వివరాలు జతచేశాను, దీనిపై మీ నిర్ణయం ఏమిటి?"

మూడు, నాలుగు ప్రశ్నలు ఊరికే పెట్టలేదు. సెర్ట్ ఇన్ అంటే సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. 2022 ఏప్రిల్ 28న అది ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటన తెలిసిన 6 గంటల్లో కంపెనీలు దానికి చెప్పాలి. భద్రతా ప్రమాణానికి ఉదాహరణగా రూల్స్‌లోనే ఐఎస్ఓ 27001 పేరుంది. జవాబు వస్తే అది మీ సాక్ష్యం. రాకపోతే, అడిగినా చెప్పలేదన్నది కూడా మీ ఫైల్లో కాగితమే.

లెటర్‌లో కోపం వద్దు, తిట్లు అసలే వద్దు. రేపు దాన్ని చదివేది అధికారి.

6. ఖాతాలోంచి డబ్బు పోతే: గంటల లెక్క

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు దొంగ ఖాతాల్లో దొర్లుతుండగానే ఆపగలిగే దారి అదొక్కటే. అదే రోజు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు రాసుకోండి.

తర్వాత బ్యాంకు. ఇక్కడ రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశాలు మీకు అండ.

- బ్యాంకు తప్పు వల్ల పోతే మీ బాధ్యత సున్నా, ఎప్పుడు చెప్పినా సరే.
- మీ తప్పు, బ్యాంకు తప్పు రెండూ లేకుండా మూడోచోట లీక్ వల్ల పోయి, బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చాక 3 పనిదినాల్లో చెబితే మీ బాధ్యత సున్నా.
- 4 నుంచి 7 పనిదినాల్లో చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకు గరిష్ఠంగా రూ.10,000 మీ మీద పడుతుంది.
- 7 రోజులు దాటితే బ్యాంకు బోర్డు పాలసీ ఎలా ఉంటే అలా.

మీరు చెప్పిన 10 పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమచేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. తప్పు కస్టమర్‌దని నిరూపించాల్సింది బ్యాంకే. ఈ మాట బ్రాంచిలో గట్టిగా, మర్యాదగా చెప్పండి, అక్కడ అందరికీ తెలియకపోవచ్చు.

ఓటీపీ మీరే చెప్పి ఉంటే? అప్పుడు బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మీ మీదే పడుతుంది, చెప్పిన తర్వాత పోయింది బ్యాంకుది. సిగ్గుపడి ఒక రోజు ఆలస్యం చేస్తే ఆ ఒక్క రోజులో మిగతాది కూడా పోతుంది. ఓటీపీ చెప్పినా సరే, వాడికి మీ వివరాలు ఇచ్చిన లీక్ కంపెనీ మీద మీ వాదన అలాగే ఉంటుంది, కాస్త బలహీనపడుతుంది అంతే.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, జవాబు నచ్చకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. 1930 ఫిర్యాదుతో దొంగ ఖాతాలో డబ్బు ఫ్రీజ్ అయితే అది వాపసు రావడానికి చాలా కేసుల్లో కోర్టు ఆర్డరు కావాలి. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఇలాంటి కేసుల్ని లోక్ అదాలత్‌లలో పెట్టించి డబ్బు తిరిగి ఇప్పిస్తోంది. మీ కేసు ఆ జాబితాలో ఉందో లేదో స్టేషన్‌లో మీరే అడగాలి.

7. మీ పేరు మీద అప్పు పుట్టిందేమో చూడండి

పాన్, ఆధార్ కాపీలు పోతే అసలు భయం ఇదే. పైగా ఇది వెంటనే బయటపడదు, హోమ్ లోన్‌కి వెళ్లిన రోజున తెలుస్తుంది.

మన అప్పుల రికార్డు ఉంచే సంస్థలు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్‌ఐఎఫ్ హైమార్క్, ఈ నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ ఒకేసారి తీయకండి, మూడు నెలలకు ఒకటి చొప్పున తీస్తే ఏడాదంతా నిఘా ఉన్నట్టే. మీది కాని లోన్ కనిపిస్తే అక్కడే డిస్ప్యూట్ పెట్టి, అప్పిచ్చిన సంస్థకూ రాయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ రూ.100 మీకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. చాలామంది దీన్ని అడగరు. అడగండి.

ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో మీ ఏఐఎస్ (ఏడాది ఆదాయం, లావాదేవీల పట్టిక) కూడా ఒకసారి చూడండి, మీ పాన్ మీద మీరెరగని జీతమో లావాదేవీలో ఉంటే అందులో తేలుతుంది.

8. పరిహారం కోసం ఎవరి తలుపు తట్టాలి

ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు, అందుకే తీరిగ్గా చదవండి.

డీపీడీపీ (డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ) చట్టం, 2023. కంపెనీలకు రూ.250 కోట్ల దాకా పెనాల్టీ అని వార్తల్లో చదివి అందులో మనకు వాటా వస్తుందనుకుంటారు. రాదు. ఆ డబ్బు మొత్తం ప్రభుత్వ సంచిత నిధికే పోతుంది, బాధితులకు పరిహారం ఇప్పించే ఏర్పాటు ఆ చట్టంలో లేదు. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది, ఎందుకంటే దాని కోసం ఇన్నేళ్లు ఎదురుచూసింది మనమే.

ఐటీ చట్టం సెక్షన్ 43ఏ. సున్నితమైన సమాచారాన్ని కాపాడటంలో కంపెనీ నిర్లక్ష్యం చేసి, దానివల్ల మీకు నష్టం జరిగితే పరిహారం ఇవ్వాలి. రూ.5 కోట్ల లోపు అయితే రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శే దీనికి అడ్జుడికేటింగ్ ఆఫీసర్ (ఏఓ), అంటే కేసు విని పరిహారం తేల్చే అధికారి. మామూలు సివిల్ కోర్టుకు వెళ్తే ఇది ఏఓ పని అని వెనక్కి పంపుతారు. ఈ సెక్షన్ వ్యాపారం చేసే సంస్థలకే, ప్రభుత్వ శాఖలకు వర్తించదు.

వినియోగదారుల కమిషన్. మీరు డబ్బు కట్టి సేవ తీసుకుని ఉంటే సేవాలోపం అని వెళ్లొచ్చు. నమ్మి ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టవిరుద్ధంగా ఇతరులకు చెప్పడం అనుచిత వ్యాపార విధానమని 2019 చట్టంలోనే ఉంది. సున్నితమైన సమాచారమే పోవాలన్న షరతు ఇక్కడ లేదు.

నా సలహా: నష్టం చిన్నది, మీరు డబ్బు కట్టిన కస్టమర్ అయితే వినియోగదారుల కమిషన్. కార్డు, వైద్య వివరాలు పోయి పెద్ద మొత్తం నష్టమైతే ఏఓ. ఒకే నష్టానికి రెండుచోట్లా డబ్బు అడగకండి.

9. ఏఓ దగ్గర కేసు వేయడం

లాయరు తప్పనిసరి కాదు, పెద్ద మొత్తమైతే పెట్టుకోవడం మంచిది.

మొదట లెటర్‌కి నెల గడువు అయ్యాక లీగల్ నోటీసు ఇచ్చి 15 రోజులు ఆగండి. తర్వాత ఐటీ చట్టం కింద 2003లో వచ్చిన రూల్స్‌లో ఉన్న ప్రొఫార్మాలో దరఖాస్తు తెల్లకాగితం మీద రాయండి. ఐదు సంగతులు విడివిడిగా రావాలి: కంపెనీ వ్యాపార సంస్థ, పోయింది సున్నితమైన సమాచారం, అది కంపెనీ చేతిలోని కంప్యూటర్లలో ఉంది, కంపెనీ నిర్లక్ష్యం ఇదీ, దానివల్ల నాకు నష్టం ఇదీ. ఒక్కో దాని కింద ఫైల్లోని కాగితం నంబరు వేయండి.

ఫీజు: దరఖాస్తుకు రూ.50, దాని మీద అడిగే మొత్తాన్ని బట్టి. లక్ష దాటితే రూ.5,000, లక్షకు పైన ఉన్నదాని మీద 2 శాతం. అంటే మూడు లక్షలు అడిగితే 5,000 ప్లస్ 4,000 ప్లస్ ఆ 50, మొత్తం 9,050. కాబట్టి కోటి రూపాయలని ఊరికే వేయకండి, ఫీజు దండగ, పైగా నమ్మకం పోతుంది.

ఏఓకు సివిల్ కోర్టు అధికారాలుంటాయి. కంపెనీ ఆడిట్ రిపోర్టు, సెర్ట్ ఇన్‌కు పంపిన సమాచారం తెప్పించమని దరఖాస్తుతోనే విడిగా అర్జీ పెట్టండి. నిర్లక్ష్యం రుజువు మీ ఇంట్లో ఉండదు, వాళ్ల ఆఫీసులో ఉంటుంది. చట్టం అడిగినప్పుడు తమ భద్రతా ఏర్పాట్లు చూపించాల్సిన బాధ్యత కంపెనీకి రూల్స్‌లోనే ఉంది.

రూల్స్ ప్రకారం నాలుగు నెలల్లో విని, ఆరు నెలల్లో ముగించడానికి చూడాలి. నిజంగా ఎక్కువే పడుతుంది. 2010లో తమిళనాడు ఐటీ కార్యదర్శి ఒక ఫిషింగ్ (దొంగ మెయిల్‌తో వివరాలు లాగే మోసం) కేసులో పెద్ద ప్రైవేటు బ్యాంకును రూ.12.85 లక్షలు కట్టమన్నారు, బ్యాంకు అప్పీలు మీద టీడీశాట్‌లో (ఇలాంటి అప్పీళ్లు వినే ట్రిబ్యునల్) కస్టమర్ వైపు తీర్పు వచ్చేసరికి 2019 అయింది. గెలవొచ్చు, ఓపిక మాత్రం కావాలి. ఏఓ ఆర్డరు నచ్చకపోతే 45 రోజుల్లో టీడీశాట్‌కు అప్పీలు.

10. వినియోగదారుల కమిషన్‌లో అయితే

మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ముంబైలో ఉన్నా సరే. మీరు కట్టిన మొత్తం 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఈ-జాగృతి (e-Jagriti) అనే పోర్టల్‌లో ఇంటి నుంచే వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు.

ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెడితే కొన్ని కంపెనీలు అక్కడే దిగొస్తాయి. మానసిక వేదన, కేసు ఖర్చులు ఇక్కడ విడివిడిగా అడగండి. ఒకే లీక్‌లో నష్టపోయినవాళ్లు పదిమంది ఉంటే సెక్షన్ 35(1)(సి) కింద కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఒక్కరే వేయొచ్చు, ఖర్చు పంచుకోవచ్చు, కంపెనీ కూడా తేలిగ్గా తీసుకోదు.

11. 2027 మే సంగతి

డీపీడీపీ రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి అమలు. అప్పటి నుంచి లీక్ గురించి ఏం జరిగింది, ఏ ప్రమాదం ఉంది, మీరేం చేయాలి అన్నది కంపెనీ ఆలస్యం లేకుండా మీకు చెప్పాలి, ఆ చట్టం కింది డేటా ప్రొటెక్షన్ బోర్డుకు 72 గంటల్లో పూర్తి వివరాలివ్వాలి.

దాంతోపాటే సెక్షన్ 43ఏ తొలగిపోతుంది. మీ నష్టం ఇప్పటికే జరిగి ఉంటే, చూద్దాంలే అని వాయిదా వేయకుండా ఆ లోపే దరఖాస్తు వేయండి.

12. ఎక్కువగా జరిగే తప్పులు

- *పరిహారం ఇప్పిస్తామనే ఏజెంట్‌కి అడ్వాన్సు కట్టడం.* ఏ ప్రభుత్వ ఆఫీసూ పరిహారం కోసం ఓటీపీ గానీ ప్రాసెసింగ్ ఫీజు గానీ ఫోన్‌లో అడగదు. అలా కట్టేసి ఉంటే అది కొత్త మోసం, మళ్లీ 1930.
- *లీకైన డేటాను మీరే వెతికి డౌన్‌లోడ్ చేయడం.* అందులో వేలమంది వివరాలుంటాయి, మీ మీదే కేసు కావొచ్చు. మీ పేరు ఉందని కంపెనీ చేతే రాతలో చెప్పించండి.
- *గిఫ్ట్ వోచర్ తీసుకుని సంతకం పెట్టడం.* "పూర్తి, తుది పరిష్కారం" అన్న మాట ఉంటే అక్కడితో మీ కేసు అయిపోయినట్టే. సంతకానికి ముందు ఆ లైను కొట్టేయమని అడగండి.
- *పోలీసు ఫిర్యాదులో దొంగ గురించే రాయడం.* వాడికి వివరాలు ఏ కంపెనీ లీక్ నుంచి వచ్చాయని అనుమానిస్తున్నారో కూడా రాయండి. రాయకపోతే, అప్పుడు ఎందుకు చెప్పలేదని తర్వాత అడుగుతారు. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే అదనపు వాంగ్మూలం ఇవ్వొచ్చు.

13. అమెరికా, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు

అమెరికాలో దారి వేరు. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింట్లోనూ క్రెడిట్ ఫ్రీజ్ (మీ పేరు మీద కొత్త అప్పు పుట్టకుండా వేసే తాళం) పెట్టండి, 2018 నుంచి అది ఉచితం.  లోన్ కావాల్సినప్పుడు తీసి మళ్లీ పెట్టుకోవచ్చు.

అక్కడ పరిహారం ఎక్కువగా క్లాస్ యాక్షన్ (నష్టపోయినవాళ్లందరి తరఫునా వేసే ఒకే దావా) సెటిల్‌మెంట్ల ద్వారా వస్తుంది. 2021 లీక్‌కి టీమొబైల్ 35 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. మీకు పోస్టుకార్డు గానీ మెయిల్ గానీ వస్తుంది, అందులో క్లెయిమ్ ఐడీ, ఆఖరి తేదీ ఉంటాయి. ఇళ్లు మారుతుండే స్టూడెంట్లకు, హెచ్ వన్ బీ వాళ్లకు ఆ కార్డు పాత అడ్రసుకు పోయి చెత్తబుట్టలో పడుతుంది. క్లెయిమ్ ఫామ్ నింపకుండా, బయటికి వస్తున్నానని కూడా చెప్పకుండా ఊరుకుంటే, డబ్బూ రాదు, విడిగా దావా వేసే హక్కూ పోతుంది. అందుకే మీరు కస్టమర్‌గా ఉన్న కంపెనీ లీక్ వార్త చూస్తే సెటిల్‌మెంట్ సైట్ అడ్రసును కోర్టు నోటీసులో సరిచూసుకుని మీరే వెళ్లి క్లెయిమ్ వేయండి.

బ్రిటన్, యూరప్‌లో జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం ఆర్టికల్ 82 కింద డబ్బు పోకపోయినా మానసిక వేదనకు కూడా పరిహారం అడగొచ్చు. ఆ వేదనను కూడా కాగితం మీద చూపించాలి, కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లి ఉంటే ఆ చీటీ, ఆఫీసుకు సెలవు పెట్టిన మెయిల్ నాలుగో మెట్టులో చెప్పిన ఫైల్లోనే పెట్టుకోండి.